ఎవరి ఎడమ వైపు?

జూన్ 14, శుక్రవారం

పళ్ళ మావయ్యకి,

ఈరోజు మొదటి వింత: నా టీ కప్పులో ఒక చెయ్యి తేలింది.

కంగారుపడకు. గోరంత చెయ్యి. మోచేతి దగ్గర తెగి ఉంది, పిడికిట్లో చిన్న సుత్తి కూడా ఉంది. నాతో గదిలో ఉండే ఫార్మసీ అమ్మాయి దాన్ని చెంచాతో తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీదేనా?" అని అడిగింది. నాదే. సుత్తివాడి కుడి చెయ్యి. నిన్న సాయంత్రం నుంచి దానికోసం మంచం కింద, దుప్పట్లో, చెప్పుల్లో వెతుకుతున్నాను. "ఇంకోసారి తాగేదాంట్లో అవయవాలు కనిపిస్తే నీ సైన్యాన్ని కిటికీలోంచి పారేస్తా" అంది.

సంగతేంటంటే, పుట్టినరోజుకి నాకు నేనే ఒక ఆట కొనిచ్చుకున్నాను. కాలేజీకి వెళ్ళే దారిలో రంగులు, బ్రష్షులు, అతికించుకునే విమానాలు అమ్మే కొట్టు ఉంది. దాని కిటికీలో ఈ కొత్త పెట్టె పెట్టారు. ఎక్కడో నక్షత్రాల అవతల ఒక గ్రహం, దానిమీద పాడుబడ్డ గని. ఆ గనిని వదలనంటున్న ఐదుగురు గనివాళ్ళు ఒకవైపు. యజమానులు ఎప్పుడో వెళ్ళిపోయినా కాపలా మానని ఐదు యంత్రాలు ఇంకోవైపు. ఒక్కో బొమ్మ బొటనవేలి కణుపంత. ముక్కలు మనమే కోసుకుని, అతికించుకుని, రంగులేసుకుని, బల్లమీద నిలబెట్టి, టేపుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి పోట్లాడుకోవాలి.

నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులో రాస్తున్నాను. ఎవరూ అడగలేదు, ఊరికే. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. పెద్ద సైన్యాలు కాకుండా పదిమంది మాత్రమే కలబడే దాన్ని ఏమనాలి? యుద్ధం అంటే ఏనుగులు వచ్చేస్తాయి. కొట్లాట అంటే కుళాయి దగ్గర బిందెల గొడవలా ఉంది. చివరికి "చిరుపోరు" అని పెట్టాను. ఆ మాట అంటున్నప్పుడు పెదాలు ఎంత చిన్నగా ముడుచుకుంటాయో ఒకసారి చూసుకో.

దీనికి ఇద్దరు కావాలి మావయ్యా. నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావుగా. అందుకని గనివాళ్ళని నీకు పార్సిల్ చేస్తున్నాను. ఉత్తరాల మీద ఆడదాం. ఆడతావు కదా?

యంత్రాల తరఫున,
నీ మేనకోడలు

తా.క. చెయ్యి కడిగాను గానీ కొంచెం టీ వాసన వస్తోంది.


జూన్ 21

నిఘంటువుకి,

పార్సిల్ చేరింది. మీ అత్తయ్య కుట్టుమిషను మీద పెట్టి కత్తెరతో విప్పింది. ఒక చెయ్యి విడిగా కాగితంలో చుట్టి "కుడి చెయ్యి, జాగ్రత్త" అని రాశావు. చూశాను.

నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తెలుసు. రోజూ ఒక పేజీ రాయమని ఫిజియోథెరపీ అమ్మాయి ఉత్తర్వు. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచదు, కాబట్టి నీకు జవాబు రాస్తున్నాను. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో ఎవరూ నన్ను పలకరించడం లేదు, నా చేతిని పలకరిస్తున్నారు. ఎలా ఉందట, ఏమంటోందట అని. ఇంట్లో దిగిన చుట్టంలా తయారైంది అది.

నీకు సగం సగం తెలుసేమో, పేజీ నిండాలి కనక మొత్తం రాస్తాను. కట్టుడుపళ్ళ ల్యాబులో అచ్చు అరగదీసే చక్రం కుడి బొటనవేలి మొదట్లో కోసింది. కుట్లు మానాయి. వేలు వంగుతుంది, లేస్తుంది. కొసన మాత్రం స్పర్శ లేదు. మైనంతో పన్ను చెక్కేటప్పుడు సగం చూపు బొటనవేలిలోనే ఉంటుంది. నాకు ఆ సగం పోయింది. మా ల్యాబు పెద్దాయన మంచివాడు. కిటికీ పక్కన నా కుర్చీని ఆగస్టు చివరిదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆ తర్వాత అయితే ఆ కుర్చీ, లేదంటే కౌంటరు దగ్గర నిలబడి డాక్టర్లు పంపిన డబ్బాలు అందుకునే పని. ఏదన్నదీ నేనే చెప్పాలట.

ఇప్పుడు ఒక్కటి నిజం చెప్పు. ఈ బొమ్మలు పంపమని నీకెవరు చెప్పారు? మీ అమ్మా, మీ అత్తయ్యా? దెబ్బ తగిలిన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఏదో ఒకటి నా చేతిలో పెట్టి పోతున్నారు. ఒకరు స్పాంజి బంతి, ఒకరు బంకమట్టి. మీ పెద్దమ్మ ఒక సంచీడు బఠాణీలు పంపి ఒలవమంది. ఇదీ ఆ వరసలోదేనా? మందుకి ఆట అని పేరు పెట్టారా?

సరే, పంపావు కాబట్టి ఎలా ఆడాలో రాయి. చిరుపోరు బాగుంది. పెదాలు చూసుకున్నాను. "అద్దంలో ఎవరికి ముద్దులు పెడుతున్నారు?" అని మీ అత్తయ్య అడిగింది.

పళ్ళ మావయ్య


జూన్ 27

మావయ్యా!

ఆడతానన్నావు! ఆ వాక్యం చదివి గదిలో గెంతితే కింద గదివాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు.

నిబంధనలు ఎక్కువ లేవు. ఒక ఉత్తరంలో నువ్వు నీ బొమ్మల్ని కదిపితే, తర్వాతి దాంట్లో నేను నావి కదుపుతాను. ఒక్కో బొమ్మ ఈ మూడింటిలో ఏవైనా రెండు పనులు చెయ్యొచ్చు: నడవొచ్చు, కాల్చొచ్చు, దాక్కోవచ్చు. కాల్చాలంటే ఆ బొమ్మకి ఎదుటి బొమ్మ కనబడాలి. అంటే నువ్వు బల్ల అంచుకి గడ్డం ఆనించి, దాని కళ్ళతో చూడాలి. నాలుగు కానీ ఆపైన కానీ పడితే తగిలినట్టు. ఎదుటివాడు గోడ చాటునో గోతిలోనో ఉంటే ఇంకో పాయింటు ఎక్కువ పడాలి. పాచికలు ఎవరివి వాళ్ళు వేసుకుని నిజం రాయాలి. నీ మీద నాకు నమ్మకమే, అయినా అత్తయ్యని సాక్షిగా పెట్టుకో.

ఇంకొకటి ఉంది, అది నాకు అన్నిటికంటే నచ్చింది. ఒకరి మనుషులు సగానికి మించి పడిపోతే మిగిలినవాళ్ళు నిలబడతారా, పారిపోతారా అని పాచిక వెయ్యాలి. దానికి మాట కోసం ఒక పూటంతా వెతికాను. ధైర్యం అంటే పులి ముందు నిలబడ్డట్టుంది. ఓర్పు అంటే బస్సు కోసం నిలబడ్డట్టుంది. చివరికి దొరికింది: దిటవు. గుండె దిటవు చేసుకో అంటామే, ఆ దిటవు. "దిటవు పరీక్ష" అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

ఇక యుద్ధభూమి. పరిచే పటం పెట్టెలో ఒక్కటే వచ్చింది, జిరాక్సు తీయించి పంపుతున్నాను. దానిమీద ఒక గొయ్యి అచ్చువేసి ఉంటుంది. ఒక అంచున "మావయ్య ఇక్కడ కూర్చోవాలి" అని రాశాను, అది నీ వైపు తిప్పుకో. పైన పెట్టేవి మూడే: ఎడమ వైపు బురుజు, కుడి వైపు నీళ్ళ తొట్టి, మధ్యలో కొండ. బురుజుకి అగ్గిపెట్టెలు, తొట్టికి సబ్బుపెట్టె చాలు. నీకు తికమక రాకూడదని చూసి చూసి రాశాను.

నా కొండ నా నిఘంటువే. గదిలో అంత ఎత్తున్నది ఇంకోటి లేదు. కాకపోతే ఏ మాటకి అర్థం కావాలన్నా కొండని ఎత్తాలి. అందుకని కొండెక్కడం నిషేధం అని ఒక నిబంధన కలిపాను. అది అసలు పుస్తకంలో లేదు, క్షమించు.

రంగు ఏది వేస్తున్నావు?

నీ మేనకోడలు


జూలై 4

నిఘంటువుకి,

అతికించాను. అతికించాము అనాలి. ఎడమ చేత్తో నేను జిగురు పెడితే మీ అత్తయ్య ఊపిరి బిగబట్టి పట్టుకుంది. ముక్కలు కోసిన చోట తోకలు మిగిలాయి. మా పనిలోనూ అంతే, పోత పోసిన పంటికి తోక వస్తుంది, దాన్ని కోసి, ఆ చోటు ఎవరికీ తెలియనంత నున్నగా రాస్తాం. సుత్తివాడి భుజం దగ్గర నువ్వు కోసింది చూశాను. కొరికావా?

రంగు వెయ్యలేదు. బూడిద రంగే బాగుంది. గనిలో దుమ్ము ఉంటుంది కదా.

నీ యంత్రాలకి బదులుగా ఐదు దవడ పళ్ళు నిలబెట్టాను. ల్యాబువి, అచ్చు పళ్ళు. గనివాళ్ళ మీదకి దవడ పళ్ళు నడిచి వస్తుంటే మీ అత్తయ్య నవ్వాపుకోలేకపోయింది. అయినా ఆవిడ మద్దతు నీ పక్షానికే. "యజమాని పోయినా డ్యూటీ మానలేదు, పాపం, వాటినెందుకు కొట్టడం?" అంటోంది. నేను పాచిక వేస్తే కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తోంది.

నా మొదటి ఎత్తు రాసుకో. సుత్తివాడు తొట్టి దాకా. డ్రిల్లువాడు కొండ చాటుకి. నాయకురాలు వాడి వెనకే. లాంతరువాడు ఇంటి దగ్గరే. డాక్టరమ్మ బురుజు వెనక కూర్చుంటుంది, ఆవిణ్ణి కదపను. తొందరెందుకు?

మొన్న ల్యాబు పెద్దాయన వచ్చాడు. కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఎవరూ లేనప్పుడు వచ్చి ఒక్క ముందు పన్ను చెక్కి చూడవయ్యా, బాగోకపోతే మైనమేగా, కరిగించేద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నేనడిగిన ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయావనే అనుకుంటున్నాను.

పళ్ళ మావయ్య


జూలై 26

మావయ్యా,

మధ్యలో నువ్వు ఎత్తులు రాసి పంపిన కార్డులన్నీ గోడకి అంటించాను. ఫార్మసీ అమ్మాయి రోజూ పళ్ళు తోముకుంటూ చదువుతోంది. నీ నాయకురాలు పడిపోయిన రోజు, "అయ్యో, ఆవిడ నాకు నచ్చింది" అని నురగ నోటితోనే అంది.

లెక్క చూసుకుంటే సుత్తివాడు, డ్రిల్లువాడు, నాయకురాలు, ముగ్గురూ పోయారు. ఒప్పుకో, నా యంత్రాలు బాగా నేర్చుకున్నాయి. నీకు ఇక మిగిలింది లాంతరువాడు, డాక్టరమ్మ.

కానీ నీ చివరి కార్డు నాకు అర్థం కాలేదు. "డాక్టరమ్మ బురుజు పక్కనున్న గోతిలోకి దిగుతుంది" అని రాశావు. బురుజు పక్కన గొయ్యి ఎక్కడుంది మావయ్యా? గొయ్యి ఉన్నది తొట్టి పక్కన. బురుజు పక్కనంతా చదును. నేను గడ్డం బల్లకానించి యంత్రం కళ్ళతో కూడా చూశాను. డాక్టరమ్మ ఆరుబయట నిలబడి ఉంది. కాబట్టి కాల్చాను. నాలుగు పడింది. క్షమించు, ఆవిడ కూడా పోయింది.

ఒకసారి నీ బల్ల సరిగ్గా చూసుకో. చెయ్యి వణికి సామాను పక్కకి జరిగిపోయిందేమో. అలా జరిగి ఉంటే పర్వాలేదు, అత్తయ్యని సర్దమను.

ఈ వారం కొత్త మాట: తడబాటు. ఎంత బాగుందో చూడు, పలుకుతుంటేనే కాలు జారినట్టుంటుంది.

గెలుపు అంచున,
నీ మేనకోడలు


ఆగస్టు 2

అమ్మడూ,

నా చెయ్యి వణకలేదు. సామాను జరగలేదు. బురుజు పక్కనే గొయ్యి ఉంది. మొదటి రోజునుంచీ అక్కడే ఉంది. నమ్మకం లేకపోతే వెనక పేజీలో బొమ్మ గీశాను, చూసుకో. స్కేలు పెట్టి గీశాను, ఆ గీతలు కూడా వణకలేదు.

నేను రెండుసార్లు అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు అక్కర్లేదు, తెలిసింది. మొదటి ఉత్తరంలో తెగిపోయిన చెయ్యి. తర్వాత కాగితంలో చుట్టిన కుడి చెయ్యి. ఇప్పుడు వణుకు, తడబాటు. అందరూ బంతులు ఇచ్చి ఊరుకున్నారు. నువ్వు చదువుకున్నదానివి, కథ అల్లి ఇచ్చావు. ప్రేమతోనే చేసి ఉంటావు. కాదనను.

గనివాళ్ళు వెళ్ళిపోతున్నారని రాసుకో. లాంతరువాడు దీపం ఆర్పేశాడు. నువ్వు గెలిచావు. బొమ్మలు ఈ వారంలో తిరిగి పంపుతాను.

పెద్దాయనకి కూడా కౌంటరు దగ్గరే నిలబడతానని చెప్పేస్తాను. ఆయన ఊళ్ళో లేడు, రాగానే చెప్తాను. డబ్బాలు అందుకోవడానికి స్పర్శ అక్కర్లేదు.

బాగా చదువుకో.

మావయ్య


ఆగస్టు 8

మావయ్యా, మావయ్యా, పెద్దాయన ఇంకా ఊళ్ళోకి రాకూడదు అనుకుంటూ రాస్తున్నాను.

ముందు గొయ్యి సంగతి. నీ బొమ్మని బల్లమీద పెట్టి చూశాను. ఫార్మసీ అమ్మాయీ చూసింది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, నాలుగు గదులు. కాగితానికి ఎడమ పక్కన "కుడి" అని రాశావు, కుడి పక్కన "ఎడమ" అని రాశావు. ఆ అమ్మాయి, "మీ మావయ్యకి కుడి ఎడమలు తెలియవా?" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో నాకు మీ ల్యాబు గోడ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు సెలవుల్లో నీ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతూ ఉండేదాన్ని కదా. ఎదురుగా గోడకి పళ్ళ పటం ఉండేది. దానిమీదా ఇలాగే గీతలు, ఇలాగే తిరగేసిన కుడి ఎడమలు. తప్పు పడిందని నీకు చెప్పాను. నువ్వు నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, "నా ఎదురుగా ఎప్పుడూ ఒక నోరు ఉంటుందమ్మా. ఎడమ అంటే ఆ నోటివాళ్ళ ఎడమ, నాది కాదు. నా ఎడమ ఎవడికి కావాలి?" అన్నావు.

ఇప్పుడు విను. "ఎడమ వైపు బురుజు" అని రాసిన రోజు నేనేం చేశానో తెలుసా? నీకు సులువుగా ఉండాలని లేచి, బల్ల చుట్టూ తిరిగి, నీ కుర్చీ వైపు నిలబడి చూసి రాశాను. అది నీ ఎడమ. నువ్వేమో ఎదురుగా ఉన్నదాన్ని నేను కాబట్టి అది నా ఎడమ అనుకుని, బురుజుని నీ కుడి వైపు పెట్టావు. తొట్టి కూడా అంతే. నేను నీ వైపు నుంచి రాశాను, నువ్వు నా వైపు నుంచి చదివావు. అద్దంలో లాగా అన్నీ కలిసే మారాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఇద్దరికీ అనుమానం రాలేదు. అచ్చువేసిన గొయ్యి ఒక్కటే మారలేదు, అదే మనల్ని పట్టించింది. నీ బల్ల ప్రకారం డాక్టరమ్మ గోతిలో క్షేమంగా ఉంది. గోతిలో ఉన్నవాళ్ళకి ఐదు పడాలి, నా నాలుగు చెల్లదు. ఆవిడ బతికే ఉంది.

ఇక నీ ప్రశ్న. ఎవరు చెప్పారు అని అడిగావు. ఎవరూ చెప్పలేదు. జవాబు ఎందుకు రాయలేదంటే, చదివి "ఎవరూ చెప్పలేదుగా" అని మనసులో అనేసుకుని, నిబంధనల్లో పడిపోయాను. ఉత్తరానికి మనసులో జవాబు చెప్తే సరిపోదని నాకు తోచలేదు.

నీ చేతి గురించి నేను ఆలోచించనే లేదు మావయ్యా. ఇది గొప్పగా చెప్పుకునేది కాదు, సిగ్గుగా ఉంది. కప్పులో చెయ్యి తేలిందని రాసినప్పుడు నాకు నవ్వు తప్ప ఇంకేం రాలేదు. నువ్వు చదివితే ఎలా ఉంటుందో ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వణుకు మాట కూడా అంతే. నాకు గొయ్యి గొడవ తప్ప ఇంకోటి కనబడలేదు.

నాకు ఎందుకు కావాలో చెప్తాను. ఆ కొట్టు మేడమీద ఒక గది ఉంది. ఆదివారం పొద్దున్న అక్కడ ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళు చేరతారు. పెట్టె కొన్న వారమే వెళ్ళాను. మెట్లు సగం ఎక్కాను. పైనుంచి పాచికల చప్పుడు, నవ్వులు. అందరికీ అన్నీ వచ్చినట్టు నవ్వుతున్నారు. నాకు ఒక్క నిబంధన కూడా రాదు. దిగి వచ్చేశాను. అప్పుడు అనుకున్నాను, నేను తప్పు చేసినా నవ్వనివాడు ఒకడు ఎదురుగా కూర్చుంటే నేర్చుకుంటాను కదా అని. అలాంటివాడు నాకు తెలిసి నువ్వే. అందుకు పంపాను. నువ్వు పేషెంటువని కాదు, నాకు ఎదుటి ఆటగాడు కావాలని. ఒట్టి స్వార్థం.

చివరిది. గనివాళ్ళు వెళ్ళిపోతున్నారని రాశావు. అలా కుదరదు. ముగ్గురు పడ్డారు కాబట్టి దిటవు పరీక్ష ఉంది. నాలుగు కానీ ఆపైన కానీ పడితే నిలబడతారు, తక్కువ పడితే పారిపోతారు. కానీ పాచిక వెయ్యకుండా పారిపోవడం ఈ ఆటలో లేదు. పుస్తకం రెండుసార్లు తిరగేశాను, కొండని కూడా ఎత్తి చూశాను. లేదు.

పద్దెనిమిదో తారీఖు ఆదివారం మేడమీద కొత్తవాళ్ళకి నేర్పుతారట, కొట్టు తలుపుకి కాగితం అంటించారు. వెళ్దామనే అనుకుంటున్నాను.

బొమ్మలు తిరిగి పంపకు.

నీ మేనకోడలు


ఆగస్టు 17, శనివారం

నిఘంటువుకి,

నీ ఉత్తరం చదివి బల్ల దగ్గరకి వెళ్ళి బురుజుని చాలాసేపు చూశాను. తర్వాత మీ అత్తయ్యకి చెప్పాను. ఆవిడ మెడలో టేపు తీసి బల్లమీద పడేసి, "పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంతే. ఎడమ బీరువాలో చూడమంటే కుడి బీరువా తెరుస్తారు. మీకు చెవుడేమో అనుకునేదాన్ని" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ కూడా నాకు చెప్పలేదు. నేను ఎదుటివాళ్ళ ఎడమ చూస్తున్నానని నాకూ తెలియదు. ఇంటికొచ్చినా నేను ఆ కుర్చీలోంచి లేవలేదన్నమాట.

నువ్వు నా చేతి గురించి ఆలోచించలేదని రాసిన చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. మీ అత్తయ్యకి కూడా వినిపించాను. ఆవిడ "ఎంత మాట రాసింది!" అని నొచ్చుకుంది. నాకు మాత్రం ఈ మధ్య ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు.

పాచిక వేశాను. బల్లమీద, సాక్షి ముందు, కళ్ళజోడుతో సహా. రెండు పడింది.

కాబట్టి గనివాళ్ళు పారిపోయారు. నిబంధన ప్రకారం పారిపోయారు, నువ్వు న్యాయంగా గెలిచావు. లాంతరువాణ్ణీ డాక్టరమ్మనీ తీసి పెట్టెలో పెట్టేశాను. మూత వెయ్యబోతూ చూసుకున్నాను, వాళ్ళు వెళ్ళిపోయారు గానీ నేను బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను. ఆ రెండు వాళ్ళకి పడింది, నాకు కాదు. నా పాచిక నేనింకా వెయ్యలేదు. దిటవు అనే మాట నువ్వు సరిగ్గానే పట్టావు. పూటంతా వెతికినా పర్వాలేదు.

మూత తీసి డాక్టరమ్మకి రంగు వేశాను. కుడి చేత్తో. బ్రష్షు రెండుసార్లు జారింది. బొటనవేలు పట్టుకుందో లేదో దానికే తెలియదు, ఇంక బ్రష్షుకేం తెలుస్తుంది? మూడోసారి విసుగొచ్చి, బొటనవేలిని పక్కకి పెట్టి, చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించాను, సిగరెట్టు పట్టుకున్నట్టు. ఆగింది. ఆ రెండు వేళ్ళ మధ్య ఇంత చూపు ఉందని ఎప్పుడూ చూసుకోలేదు. కోటు తెల్లగా వచ్చింది. మడతల్లోకి పల్చటి నల్లరంగు వదిలితే నీడలు కూడా వచ్చాయి. కళ్ళ దగ్గర మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయింది. ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు చూస్తోంది. డాక్టరే కాబట్టి సరిపోయింది. అలాగే వదిలేశాను.

పెద్దాయన మొన్న ఊళ్ళోకి వచ్చాడు. కౌంటరు సంగతి చెప్పడానికే బయలుదేరి వెళ్ళాను. ఆయన "ఏమిటి?" అన్నాడు. నేను "ఆదివారం తాళం ఇస్తారా?" అన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఇది నీకు చేరేసరికి రేపటి రెండు పనులూ అయిపోయి ఉంటాయి, నీదీ నాదీ. అయినా రాస్తున్నాను. నువ్వు ఆ మిగిలిన సగం మెట్లూ ఎక్కు. నిబంధనలు నీకు వచ్చు, తెలుగులో కూడా వచ్చు. ఎవరైనా కొత్తవాళ్ళు నీ ఎదురుగా కూర్చుంటే, బల్లమీద ఏదైనా పెట్టేముందు ఎవరి ఎడమ అని అడుగు. గెలుపు ఓటములు తర్వాత రాయి. సెలవుల్లో వచ్చినప్పుడు ఒకే బల్లమీద మళ్ళీ ఆడదాం, ఒకే గొయ్యితో.

నేను పొద్దున్నే, వీధిలో పాలవాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు వెళ్తాను. తాళం తీసి, కిటికీ తెరిచి, కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చుంటాను. అనుమానంగా చూస్తున్న డాక్టరమ్మ చొక్కా జేబులో ఉంటుంది, ఆవిణ్ణి కిటికీ గట్టుమీద నిలబెడతాను. స్పిరిటు దీపం వెలిగించి, మైనం వేడిచేసి, కత్తిని ఆ రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని ఒక్క పన్ను చెక్కుతాను. పై దవడ, ముందు పన్ను, కుడి వైపుది. ఎవరి కుడి అని నువ్వు అడగవు.

నీ పళ్ళ మావయ్య